చెప్పు జారిన కాలు

కంపెనీ బస్సు దిగి మందుల ఫ్యాక్టరీ గేటు వైపు నడుస్తున్న రాజారావుకు తన ఎడమకాలికి చెప్పు లేదన్న సంగతి తెలియలేదు. వెనక నుంచి డ్రైవరు రాములు కేక వేస్తే తెలిసింది.

“రాజారావు సారూ! జెర ఆగుండ్రి! చెప్పు బస్సుల్నే ఇడ్సిపెట్టిన్రు!”

రాములు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఆ చెప్పును జెండాలా ఊపుతున్నాడు. పొద్దుటి షిఫ్టుకు దిగిన జనమంతా నవ్వారు. రాజారావూ నవ్వాడు. “ఒళ్లు తగ్గాక చెప్పులు కూడా వదులైపోయాయయ్యా,” అన్నాడు వెనక్కి నడుస్తూ. రెండున్నరేళ్ల కిందట లావు తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకుని సగం మనిషైన ప్యాకింగ్ సూపర్‌వైజరు అలాంటి మాట అంటే బొల్లారంలో ఎవరికీ అనుమానం రాదు. నవ్వాల్సినంత నవ్వి ఎవరి దారిన వాళ్లు లోపలికి పోయారు.

చెప్పులు వదులు కాలేదు. అవి పోయిన నెల కొన్నవే.

బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని ఎడమ పాదం తిప్పి చూసుకున్నాడు. వానకు తడిసిన కంకర మీద నడిచొచ్చిన కాలు. మడమ దగ్గర శనగగింజంత రాయి గుచ్చుకుని ఉంది. గోటితో పీకితే ఊడివచ్చింది. ఇంకెవరి కాల్లోంచో తీసినట్టుంది. ఒకప్పుడు పొట్ట అడ్డం వచ్చి తన పాదాలు తనకు కనబడేవి కావు, చెప్పుల బెల్టు భార్యే పెట్టేది. ఇప్పుడు హాయిగా వంగి చూసుకోగలడు, కానీ చూసుకుంటే తప్ప కాలు ఉన్నట్టే తెలియదు. నవ్వుకుందామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

లాకరు తెరిచాడు. లోపల కత్తిరించిన మాత్రల స్ట్రిప్పు ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. ఐరన్, కాల్షియం, విటమిన్లు. భార్య కనకమహాలక్ష్మి రోజూ పొద్దున్నే చిన్న డబ్బాలో పెట్టి చేతికిస్తుంది. “బస్సులో వేసుకుంటాలే” అని జేబులో పడేసుకుంటాడు. ఐరన్ మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా వికారం. పైగా రోజంతా మాత్రలు అట్టపెట్టెల్లోకి ఎక్కించేవాడికి మాత్ర అంటేనే మొహం మొత్తింది. సొంత మందులు లోపలికి తీసుకుపోకూడదన్నది కంపెనీ రూలు. కాబట్టి అవి లాకరు దగ్గరే ఆగిపోయేవి.

గురువారం ఫ్యాక్టరీకి ఆడిట్. శనివారం అతనికి రక్తపరీక్ష. ఈ రెండింటికీ రాజారావుకు తెలిసిన విద్య ఒక్కటే. ఆడిట్ తేదీ తెలియగానే ఏడాది పొడుగునా ఎవరూ తొంగిచూడని మూలలన్నీ మెరిసిపోతాయి. నేల మీద పసుపు గీతలు కొత్తవవుతాయి. పాత తుడుపుకర్రలు మాయమవుతాయి. వచ్చినవాళ్లు చూసి, తల ఊపి, భోంచేసి వెళ్తారు. ఈ పనిలో రాజారావును మించినవాడు లేడని పై అధికారులే అంటారు. రక్తం విషయంలోనూ అతను అదే చేశాడు. ప్రతి పరీక్షకూ రెండు మూడు రోజుల ముందు రామచంద్రాపురంలో కాంపౌండరు సంగయ్య దగ్గర బలానికి వేసే ఎర్ర సూది, ఆ వారమంతా గుడ్లు, పాలకూర, బుద్ధిగా మాత్రలు. రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చేది. మళ్లీ ఆరు నెలల దాకా అడిగేవాడుండడు. మోసం చేస్తున్నానని అతనెప్పుడూ అనుకోలేదు, పరీక్షకు తయారవుతున్నాననుకున్నాడు.

సంగయ్యకు ఫోన్ చేశాడు.

“బుధారం పొద్దుమూకంగ రా సారూ. ఎర్ర సూది తెప్పిచ్చి పెడ్త.”

“ఈసారి రెండు వేస్తావా?”

“రెండెందుకు సారూ?”

“ఊరికేలే,” అని పెట్టేశాడు. రెండేస్తే రిపోర్టు ఇంకా బాగుంటుంది. కాలి సంగతేమిటని లోపల ఎవరో అడుగుతున్నారు. ఆ అడిగేవాడి మాట వినకుండా తెల్ల రబ్బరు చెప్పులు వేసుకుని హాల్లోకి నడిచాడు.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనకమహాలక్ష్మి అతని చిన్న గిన్నెలో పెసరట్టు ముక్కలు చేసి పెట్టింది. ఆపరేషనయ్యాక అతని తిండికి ఆ గిన్నే కొలత. స్నానాల గదిలో మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే నేల పక్కకు తప్పుకున్నట్టయింది. చప్పున గోడ పట్టుకున్నాడు. మగ్గు కిందపడి దొర్లింది.

“ఏమైందండీ?”

“ఏం లేదు. సబ్బు నురగ.”

వారంగా ఇలాగే ఉంది. కళ్లు తెరిచి ఉన్నంతసేపే నేల నేలలా ఉంటోంది. పడితే? బస్సు మెట్టు మీద పడితే? మెషీను పక్కన పడితే? పెసరట్టు ముక్క నములుతూ అదే ఆలోచిస్తున్నాడు. ఎదురుగా కూర్చుని కనకం ఫోన్ చూస్తోంది.

“శనివారం పొద్దున ఏమీ తినకుండా వెళ్లాలి, గుర్తుందా? ఈసారి కూడా రిపోర్టు రాగానే అత్తయ్యకు వాట్సాప్‌లో పెడతాను. పోయినసారి పెట్టాక రెండు నెలలు నోరెత్తలేదావిడ.”

రాజారావు తల్లి అనకాపల్లిలో ఉంటుంది. దేవుడిచ్చిన పొట్ట కోయించిన కోడలని కనకానికి ఆవిడ పెట్టిన పేరు. ఆపరేషన్ వద్దని అటూ ఇటూ బంధువులంతా గోల చేసినప్పుడు, “ఆయన మెట్టెక్కితే రొప్పుతున్నారు. మీరెవరైనా వచ్చి ఎక్కిస్తారా?” అని ఒంటరిగా నిలబడి పోట్లాడిన మనిషి ఆమె. ఒక్క రిపోర్టు చెడితే ఆ మాటలన్నీ మళ్లీ ఆమె మీద పడతాయి. అందుకే చెప్పలేకపోతున్నానని అతను తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అది సగం నిజం. తిట్లు తింటానన్న భయం మిగతా సగం.

“కాళ్లు తిమ్మిరెక్కినట్టున్నాయి కనకం,” అన్నాడు చివరికి, గిన్నెలోకి చూస్తూ.

“పొద్దస్తమానం నిలబడితే ఎక్కవా మరి? వేడినీళ్లు పెడతాను,” అని లేచింది.

బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియలేదు. చెయ్యి కాలింది.

*

మంగళవారం ఫ్యాక్టరీ అంతా పెళ్లింటిలా ఉంది. రాజారావు చంకలో ప్యాడ్ పెట్టుకుని పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నాడు. సరుకు ఎక్కించే డాక్‌లో పెట్టెల కింద వేసే పాత చెక్క ప్యాలెట్లు కనిపిస్తే వాటిని షెడ్డు వెనక్కి తోయించాడు. డాక్‌లోకి గట్టి బూట్లు వేసుకునే వెళ్లాలి. రెండు నిమిషాల పనికి బూట్లెందుకని హాల్లో వేసుకునే రబ్బరు చెప్పులతోనే వెళ్లి, విరిగిన ప్యాలెట్ ముక్కల్ని కాలితో పక్కకు నెట్టి వచ్చాడు.

తిరిగొచ్చి ప్యాకింగ్ హాలు ముందు వరండాలో నిలబడ్డాడు. అద్దంలా తుడిచిన నేల మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. దాని ముందు ఇంకొకటి.

“ఎంకమ్మా!”

కాంట్రాక్టు మీద తుడుపు పని చేసే ఎంకమ్మ బకెట్టు ఈడ్చుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి. మరకలు చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“ఇప్పుడే గద సారూ తుడ్సిన.”

“తుడిస్తే ఇదెక్కడిది? వక్కాకు నములుతున్నావా లోపల?”

“అయ్యో, నా మీద ఒట్టు. వక్కాకు మానేసి ఏడాదాయె.”

ఆమె మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది. రాజారావు హాల్లోకి వెళ్లి లైను చూసి, క్వాలిటీ విభాగం పెద్దాయన్ను వెంటబెట్టుకుని అదే దారిన వచ్చాడు. మళ్లీ మరకలు. ఇంతకుముందు లేనిచోట. ఆయన రాజారావు వైపు చూసి కనుబొమ్మలెత్తాడు. పదేళ్లుగా ఆడిట్లు నెగ్గించిన మనిషికి అంతకన్నా అవమానం లేదు. ఆయన అటు తిరగ్గానే రాజారావు కోపం కట్టలు తెంచుకుంది. పొద్దుటి నుంచి అణచుకున్న భయమంతా ఆ ముసలామె మీద కోపమై బయటికొచ్చింది.

“కళ్లు కనబడకపోతే ఇంట్లో కూర్చో! ఎల్లుండి ఆడిట్ పెట్టుకుని నా ప్రాణం తీస్తున్నావు!”

“పొద్దుగాల సంది గిదే తుడుస్తున్న సారూ. తుడ్సినకాడ మల్ల వస్తుంది. నేనేం జెయ్యాలె? మోకాళ్లు గుంజుతున్నయి. మీకేం ఎరుక నొప్పి!”

ఆ చివరి మాట అతనికి ఎక్కడో తగిలింది. కాంట్రాక్టరు మనిషి సందీప్‌ను పిలిచాడు. “ఈమెను రేపటి నుంచి పంపకు. ఇప్పుడే పాసు తీసుకో.”

సందీప్ ఒక్క మాట అడగలేదు. అడిగితే తన ఉద్యోగం ఉండదు. ఎంకమ్మ మెడలోంచి పాసు తీసి ఇచ్చింది. బకెట్టు గోడవారకు జరిపి, తుడుపుకర్ర దాని పక్కన నిలబెట్టి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. వెళుతూ ఏదో గొణిగింది, వినబడలేదు.

రాజారావు తానే తుడుపుకర్ర తీసుకున్నాడు. మరకలు తుడుచుకుంటూ వరండా చివరిదాకా నడిచాడు. ఎలా తుడవాలో చూపిస్తానన్నట్టు, ఎవరూ చూడకపోయినా. చివరికి చేరి, నడుము నిటారుగా చేసుకుని, వెనక్కి తిరిగి చూశాడు.

తుడిచిన దారి పొడుగునా మరకలు. అన్నీ ఒకే ఎడంతో, అన్నీ ఒకే పక్కన. తను నిలబడ్డ చోట కాస్త పెద్దది.

తుడుపుకర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తరవాత గోడకానుకుని ఎడమ చెప్పు విప్పాడు. ప్యాలెట్ మేకు రబ్బరు అడుగును చీల్చుకుని లోపలికి దిగి ఉంది. సాక్సు తడిసి ముద్దయింది. మేకు మొనతో పాటు చెప్పు పాదానికి అంటుకుని ఉంటే లాగి తీశాడు. నొప్పి లేదు. నెత్తురు మాత్రం మళ్లీ కారింది.

*

ఫ్యాక్టరీ నర్సు కట్టు కట్టి, చందానగర్‌లో అతనికి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే పంపింది. కనకం ఆటోలో అంతకుముందే వచ్చి మెట్ల మీద నిలబడి ఉంది. పుండు కడిగి మందేసి ధనుర్వాతం సూది వేశాక డాక్టర్ ఇంద్రజ వచ్చింది. ఆపరేషన్ తరవాత రోగుల్ని ఆరు నెలలకోసారి చూసేది ఆమే. కొత్త రోగులకు, “ఈయన్ని చూసి నేర్చుకోండి,” అని రాజారావును చూపించేదీ ఆమే.

“మేకు దిగినా తెలియలేదా?” అంది. తెలియలేదన్నాడు. షుగరు వల్లేమో అనుకోడానికి అది ఆపరేషన్‌తోనే తగ్గింది, ఇప్పుడు కూడా లేదు. ఆమె జేబులోంచి రెండు కొమ్ముల ఇనుప పుల్ల తీసింది. దాన్ని అరచేతి మీద కొట్టి అతని కాలి బొటనవేలికి ఆనించింది.

“కళ్లు మూసుకోండి. అదురుతోందా?”

“అదురుతోందండీ.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు కూడా.”

“ఇప్పుడు?”

“ఆ.”

“రాజారావుగారూ, చివరి రెండుసార్లు నేను దాన్ని కొట్టలేదు,” అంది ఇంద్రజ.

కళ్లు తెరవాలంటే రాజారావుకు భయం వేసింది. ఈ పరీక్ష కూడా నెగ్గాలని చూసిన తన బుద్ధికి అతనికే సిగ్గేసింది.

“రక్తం ఇవాళే తీద్దాం,” అంది డాక్టర్.

“శనివారం ఎలాగూ ఉంది కదండీ. ఇవాళ ఎందుకు, పొద్దున టిఫిన్ కూడా తిన్నాను.”

“పర్వాలేదు. నాకు కావలసినవి తిన్నా తెలుస్తాయి.”

“అయినా శనివారమైతే...”

“శనివారానికీ ఇవాళ్టికీ తేడా ఏమిటండీ?” అని కనకం అడిగింది. అతని మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగింది. రాజారావు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నర్సు సూది గుచ్చినప్పుడు చేతికి చురుక్కుమంది. ఆ చురుకు ఉన్నందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

*

గురువారం కట్టు మార్చడానికి వెళ్లినప్పుడు రిపోర్టు వచ్చింది. డాక్టర్ ఇంద్రజ పాతవీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“బి పన్నెండు అడుగంటింది. ఐరన్ లేదు, విటమిన్ డి లేదు. పోయినసారి అన్నీ నిండుగా ఉన్నాయి. అంతకుముందూ అంతే. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. ఇన్నాళ్లూ నేను చూసింది ఎవరి రక్తం?”

“నాదేనండీ,” అన్నాడు రాజారావు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. సంగయ్య ఎర్ర సూది గురించి, పరీక్ష వారం మాత్రల గురించి, లాకరు గురించి తలవంచుకుని చెప్పాడు. ఎప్పుడో చేసిన దొంగతనం పోలీసుకు చెబుతున్నవాడిలా వరసగా చెప్పాడు.

ఇంద్రజ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “సూది వేసుకున్న వారంలో తీస్తే రక్తంలో కనిపిస్తుంది. నరాలకు కావలసింది ఏడాది పొడుగునా,” అంది. “మీ పేగు దారి మార్చాం. తిన్నదాంట్లోంచి ఇవి చాలినంత ఒంటపట్టవు. బయట నుంచి ఇస్తూనే ఉండాలి, బతికినన్నాళ్లూ. ఈ పరీక్ష మీరు పాసయ్యారో లేదో చూడ్డానికి కాదు, ఏం తగ్గిందో చూసి అది ఇవ్వడానికి. మీరు దాన్నే దాచిపెట్టారు.”

“కాళ్లకు స్పర్శ మళ్లీ వస్తుందా డాక్టరుగారూ?” అంది కనకం.

“ఇవాళ్టి నుంచి సూదులు మొదలుపెడదాం. కొంత వస్తుంది. ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. తిరిగి వచ్చేటప్పుడు ముందు మంటగానో నొప్పిగానో వస్తుంది, భయపడకండి. అప్పటిదాకా రోజూ అరికాళ్లు చూడండి. బెల్టున్న బూట్లే వేయండి. బండి ముట్టుకోనివ్వకండి.”

ఆటోలో రామచంద్రాపురం దాకా కనకం బయటికి చూస్తూ కూర్చుంది. ఇంట్లో అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కట్టు లేని కుడిపాదాన్ని ఒళ్లోకి తీసుకుని వేళ్ల సందులన్నీ చూసింది.

“రోజూ నేను డబ్బాలో పెట్టి ఇచ్చినవన్నీ లాకర్లో ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“రిపోర్టులు అత్తయ్యకు పంపి మురిసిపోయాను. నాకు చెబితే ఏమయ్యేదండీ? వికారమైతే వేరే మాత్ర అడిగేవాళ్లం. అత్తయ్యతో నేను పోట్లాడింది రిపోర్టు కోసమా?” ఆమె పాదం వదల్లేదు. చీపురుపుల్ల విరిచి అరికాలి మీద గీసింది. “తెలుస్తోందా?”

అవునందామనుకున్నాడు. నాలుక దాకా వచ్చింది.

“లేదు కనకం,” అన్నాడు.

ఆమె పుల్ల పక్కన పెట్టి, దేవుడి గూటి వైపు తిరిగి కళ్లు మూసుకుని ఏదో అనుకుంది.

కాసేపటికి ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. ఆడిట్ బ్రహ్మాండంగా జరిగిందట. వరండా నేల చూసి వాళ్లు మెచ్చుకున్నారట. రాజారావు ఆ మాట వింటుంటే, గోడవారకు జరిపి పెట్టిన బకెట్టు గుర్తొచ్చింది. ఎంకమ్మను వెనక్కి పిలవమని ఆసుపత్రి నుంచే సందీప్‌కు చెప్పాడు. కానీ సందీప్, “ఆమె ఫోన్ ఎత్తుతలేదు సార్,” అంటున్నాడు. “పక్కింటామె జెప్పింది, శనారం పొద్దుగాల టిఫిన్ డబ్బా, బట్టలు కొంచవోనీకి గేటుకాడికి వస్తదట.”

*

శనివారం పొద్దున, అసలైతే రక్తపరీక్షకు వెళ్లవలసిన వేళకు, ఇద్దరూ ఆటోలో బొల్లారం వెళ్లారు. కట్టు మీద సరిపోయేలా కొన్న పెద్ద సైజు బూటు బెల్టు బిగించి, కనకం రాజారావును పడకుండా జబ్బ పట్టుకుని దింపింది. షిఫ్టు మారే సమయం. గేటు ముందు జనం కిటకిటలాడుతున్నారు. సందీప్ పక్కన ఎంకమ్మ సంచి పట్టుకుని నిలబడి ఉంది. అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

రాజారావు నేల వైపు చూసుకుంటూ అడుగులు వేసి ఆమె ముందుకు వెళ్లాడు. బస్సులోంచి దిగినవాళ్లు ఆగి చూస్తున్నారు. రాములు కూడా స్టీరింగు మీద చేతులానించి చూస్తున్నాడు.

“ఎంకమ్మా, ఆ మరక నాదే. నా కాలిదే. నీ తప్పేం లేదు,” అన్నాడు అందరికీ వినబడేలా. “నాకు మేకు దిగింది. నాకు తెలియలేదు. తెలియక నిన్ను అన్నాను. సందీప్, పాసు ఇచ్చెయ్. పెద్దసార్‌తో నేను మాట్లాడాను.”

సందీప్ పాసు చాచాడు. ఎంకమ్మ వెంటనే అందుకోలేదు. బూటు పైన కనబడే అతని కట్టు వైపు, అతని జబ్బ పట్టుకున్న కనకం వైపు చూసింది.

“మేకు దిగితె ఎరుకగాకపోవుడేంది సారూ?”

“కాలికి స్పర్శ పోయిందమ్మా,” అంది కనకం. “ఒంట్లో బలం లేక. మందులు మొదలుపెట్టారు.”

“అయ్యో. ఇప్పుడు నొప్పి తగ్గిందా మరి?”

“తగ్గడం కాదమ్మా. రావాలి. నొప్పి వస్తేనే కాలు బాగవుతున్నట్టట. ఎవరైనా మొగుడి నొప్పి తగ్గాలని మొక్కుకుంటారు. మా అమ్మవారికి నేను నొప్పి రావాలని మొక్కుకున్నాను.”

ఎంకమ్మ కాసేపు ఆమెనే చూసింది. తరవాత సందీప్ చేతిలోంచి పాసు తీసుకుని మెడలో వేసుకుంది. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“ఒక్క మాట జెప్త అమ్మా, కోపం జెయ్యకు,” అంది. “మొన్న గీ గేటు దాటేటప్పుడు నేను గూడ గదే మొక్కిన. గీ సారుకు కాళ్లు నొయ్యాలె, నొప్పంటె ఏందో ఎరుకగావాలె అని.”

రాజారావు తల వంచుకున్నాడు. కనకమహాలక్ష్మి అతని జబ్బ వదిలి, ఎంకమ్మ చెయ్యి రెండు చేతులా పట్టుకుంది.

“ఆ మొక్కు వెనక్కి తీసుకోకు తల్లీ,” అంది.